హీరో పోయాడు... అభిమానులు మిగిలారు!

బార్ లోపల విలన్. చుట్టూ అతని ముఠా. తాళ్లతో కట్టేసిన అమాయకులు. బయట మంచు కురుస్తున్న వీధిలో హీరో... ఒంటరిగా. అప్పటికే చెయ్యి కాలి ఉంది. అయినా వచ్చాడు. రావద్దని ప్రేమించిన మనిషి బతిమాలినా వచ్చాడు.

ఇప్పుడేం జరగాలి? కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. తుపాకీ మెరుపులా బయటికొస్తుంది. విలన్ నేలకూలతాడు. కట్లు తెగుతాయి. హీరో గుర్రమెక్కి వెళ్లిపోతాడు. ప్రేక్షకుడు ఈల వేసుకుంటూ ఇంటికెళ్తాడు.

కానీ ఈ సినిమాలో హీరో చచ్చిపోతాడు. పరుగెత్తుకొచ్చిన హీరోయిన్ చచ్చిపోతుంది. కట్టేసి ఉన్నవాళ్లంతా చచ్చిపోతారు. విలన్ తాపీగా బయటికొచ్చి, హీరో తుపాకీని తీసుకుని, గుర్రమెక్కి వెళ్లిపోతాడు. అంతే... శుభం కార్డు. అందులో శుభం ఎక్కడుందన్నది వేరే సంగతి!

ఆ సినిమా పేరు ‘ఇల్ గ్రాండే సిలెంజియో’. ఇంగ్లిష్‌లో ‘ది గ్రేట్ సైలెన్స్’. ఇటలీలో 1968 నవంబరు 19న విడుదలైంది. దర్శకుడు సెర్జియో కార్బూచి. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ పేరు వినని సినిమా ప్రియుడు ఉండడు. దీని పేరు విన్నవాళ్లు మాత్రం తక్కువే. చూసినవాళ్లు ఇంకా తక్కువ. కానీ చూసినవాళ్లు ఊరుకోరు. అర్ధ శతాబ్దం దాటినా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ ముగింపు న్యాయమేనా? అలా కాకుండా ఇంకెలా తీసినా అబద్ధమే అయ్యేదా?

ఇసుక లేదు... అంతా మంచే!

ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ సినిమాలకు అక్కడి వంటకం పేరు తగిలించి ‘స్పఘెట్టీ వెస్టర్న్’ అన్నారు. మొదట్లో అది వెక్కిరింపే. తర్వాత అదే ముద్దుపేరైంది. వీటిలో చాలావాటికి అమెరికా ఎడారి అంటే స్పెయిన్‌లోని అల్మేరియా. ఎండ, దుమ్ము, చెమట... ఇదీ లెక్క.

కార్బూచి ఆ లెక్క తిరగేశాడు. రెండేళ్ల ముందు ‘జాంగో’ను బురదలో తీసినవాడు, ఈసారి మంచులోకి దిగాడు. ఆల్ప్స్‌లో భాగమైన డోలమైట్ పర్వతాల్లో, కోర్టీనా డాంపెజో పరిసరాల్లో షూటింగ్ చేశాడు. ఊరి సన్నివేశాలు కొన్నింటిని రోమ్‌లోని ఎలియోస్ స్టూడియోలో తీశారు. అక్కడ మంచెక్కడిది? గెడ్డం గీసుకునే నురగ వాడారు! ఆ మోసం బయటపడకుండా పొగమంచు కమ్మించారు. అది తెలిశాక కూడా ఆ ఊరు చూస్తుంటే వణుకే పుడుతుందని అభిమానులు చెప్పుకుంటారు.

కథ 1898-99 చలికాలంలో, అమెరికాలోని యూటా ప్రాంతంలో జరుగుతుంది. ఊరి పేరు స్నో హిల్. అది కల్పితమే. అక్కడ పాలికట్ అనే వడ్డీ వ్యాపారి ఉంటాడు. న్యాయాధికారమూ అతని చేతిలోనే. అతని దెబ్బకు బతుకుతెరువు పోయిన పేదలు కొండల్లోకి పారిపోతారు. ఆకలికి దొంగతనాలు చేస్తారు. దాంతో వాళ్ల తలలకు వెల కడతారు. ఆ వెల కోసం వచ్చేవాళ్లే బౌంటీ హంటర్లు. మనిషిని చంపడం, శవాన్ని మంచులో దాచిపెట్టడం, తర్వాత తీరిగ్గా తీసుకెళ్లి డబ్బు లెక్కపెట్టుకోవడం... వాళ్ల పని. అంతా చట్టప్రకారమే!

వాళ్లలో అందరికన్నా తెలివైనవాడు లోకో. అతని చేతిలో భర్తను పోగొట్టుకున్న పాలీన్, పగ తీర్చమని ఓ మనిషిని పిలిపిస్తుంది. అతని పేరు సైలెన్స్. మాట రాదు. చిన్నప్పుడు కళ్లముందే తల్లిదండ్రుల్ని చంపిన బౌంటీ హంటర్లు, సాక్ష్యం చెప్పకుండా అతని గొంతు కోసేశారు. ఆ రోజు అక్కడ పాలికట్ కూడా ఉన్నాడు.

మాట రాని హీరో ఎలా పుట్టాడు?

ఈ మూగతనం వెనక ఓ ముచ్చట ప్రచారంలో ఉంది. ‘నాకూ వెస్టర్న్ చేయాలనుంది, కానీ ఇంగ్లిష్ రాదే’ అన్నాడట నటుడు మార్చెల్లో మస్ట్రోయాని. అయితే హీరోకు మాటలే లేకుండా చేస్తే సరి అనుకున్నాడట కార్బూచి. చివరికి ఆ పాత్ర ఫ్రెంచ్ నటుడు జాన్ లూయీ ట్రింటిన్యాను వరించింది. ‘ఎ మ్యాన్ అండ్ ఎ వుమన్’ (1966)తో అప్పటికే ఆయన ప్రపంచానికి తెలుసు. ఒక్క మాట లేకుండా, కళ్లతోనే సినిమా మొత్తం లాగేశారు.

లోకోగా వేసింది జర్మన్ నటుడు క్లౌస్ కిన్‌స్కీ. తెరమీద అరుపులకు, ఆవేశాలకు ఆయన పెట్టింది పేరు. ఇందులో అరవడు. మెత్తగా మాట్లాడతాడు. నవ్వుతాడు. చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నానంటాడు. అందుకే ఎక్కువ భయమేస్తుంది. కిన్‌స్కీ వేసిన విలన్లలో మేటి ఇతనే అన్న విషయంలో అభిమానుల మధ్య పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా హీరో దగ్గరే.

ఇంతకీ మంచివాడేనా?

సైలెన్స్ ముందుగా తుపాకీ తీయడు. ఎదుటివాణ్ని రెచ్చగొడతాడు. వాడు తీసేదాకా ఆగి, అప్పుడు కాలుస్తాడు. ఆత్మరక్షణ కాబట్టి చట్టం ఏమీ చేయలేదు. లొంగిపోయినవాళ్ల బొటనవేళ్లు ఎగరగొడతాడు... ఇక జన్మలో తుపాకీ పట్టకుండా. పనికి డబ్బు తీసుకుంటాడు. పాలీన్‌నూ వెయ్యి డాలర్లు అడుగుతాడు.

మరి లోకోకూ, ఇతనికీ తేడా ఏమిటి? ఒక వర్గం అభిమానుల ప్రశ్న ఇదే. ఇద్దరూ డబ్బుకే చంపుతారు. ఇద్దరూ చట్టంలోని సందుల్ని వాడుకుంటారు. ఒకరివైపు మనం ఉన్నాం కాబట్టి అతను హీరో అయ్యాడంటారు వీళ్లు. ‘కాదు, చివర్లో పైసా రాదని తెలిసీ, చావు తప్పదని తెలిసీ వెళ్లాడు చూడండి... అదీ తేడా’ అంటుంది రెండో వర్గం. మొదటి వర్గం దగ్గర దానికి సరైన జవాబు లేదు.

ఇంకో వాదన తుపాకీ మీద. వెస్టర్న్ అంటే రివాల్వర్. సైలెన్స్ చేతిలో మాత్రం మౌజర్ సి96 ఉంటుంది. దాన్ని పెట్టుకునే చెక్క ఒరనే వెనక తగిలిస్తే చిన్న రైఫిల్‌లా పనిచేస్తుంది. 1896లో వచ్చిన ఆ పిస్టల్ కథాకాలానికి సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి సంగతులు వెతికి పట్టుకోవడం అభిమానులకు మహా సరదా. అంతేకాదు... ‘జాంగో’లో హీరో చేతులు నుజ్జవుతాయి. ఇక్కడా హీరో చేతులకే దెబ్బ. తుపాకీ వీరుడి దగ్గర్నుంచి చేతుల్ని లాక్కుంటే ఏం మిగులుతుందో చూడటం కార్బూచికి అలవాటని వాళ్ల విశ్లేషణ.

పాలీన్‌ను మరిచిపోతే ఎలా?

పాలీన్‌గా నటించిన నల్లజాతి అమెరికన్ వొనెటా మెక్‌గీకి ఇదే మొదటి సినిమా. తెల్లజాతి హీరో, నల్లజాతి హీరోయిన్... వాళ్ల మధ్య ప్రేమ సన్నివేశం. దాన్ని వింతగా కాదు, ఎంతో మృదువుగా చూపించాడు దర్శకుడు. 1968లో ఇది చిన్న విషయం కాదు. జాత్యంతర వివాహాలపై అమెరికా రాష్ట్రాల్లో ఉన్న నిషేధాలను అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లోనే.

ఆ సన్నివేశానికి ఎన్నియో మోరికోనె ఇచ్చిన సంగీతం గురించి అభిమానులు గంటలకొద్దీ మాట్లాడతారు. లియోనీ సినిమాల్లోలా ఈలలూ, అరుపులూ ఇక్కడ లేవు. మంచు రాలుతున్నట్టే ఉంటుంది. ఆయన వెస్టర్న్ సంగీతంలో ఇదే అత్యుత్తమం అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట అనగానే లియోనీ వీరాభిమానులు కయ్యానికొస్తారు!

అందరూ పొగుడుతున్నారనుకుంటే పొరపాటే. కెమెరా అదేపనిగా దగ్గరకూ దూరానికీ దూకుతుందనీ, దృశ్యాలు మసకగా ఉంటాయనీ కొందరి ఫిర్యాదు. షెరిఫ్ బర్నెట్ చేసే హాస్యం ఇంత విషాదంలో ఇమడలేదని మరికొందరు. డబ్బింగ్ గొడవ సరేసరి. అప్పటి ఇటాలియన్ సినిమాల్లో మాటలన్నీ తర్వాత చేర్చినవే. ఇటాలియన్ ప్రతిలో లోకో పేరు టిగ్రెరో. ఏ భాషలో చూడాలన్నదానిపై కూడా రెండు శిబిరాలు.

ఒక కథ... రెండు ముగింపులు

ఇక అసలు వివాదానికొద్దాం. ఇంత చేదు ముగింపు ఎందుకు? 1965లో మాల్కమ్ ఎక్స్ హత్య, 1967లో చే గువేరా హత్య కార్బూచిని కలచివేశాయంటారు. పేదల పక్షాన నిలబడ్డవాణ్ని బతకనివ్వని లోకాన్ని ఉన్నదున్నట్టు చూపించాలనుకున్నాడన్నది చాలామంది చెప్పే వివరణ. విలన్ గెలిచాక తెరమీద కనిపించే వాక్యాలు కూడా ఆ మాటే గుర్తుచేస్తాయి... చట్టం ముసుగులో జరిగిన హత్యల గురించి, ఆరని రక్తపు మరకల గురించి.

నిర్మాతలకు మాత్రం గుబులు పట్టుకుంది. కొన్ని దేశాల మార్కెట్ల కోసం మరో ముగింపు కూడా తీయించారు. అందులో చచ్చిపోయాడనుకున్న షెరిఫ్ గుర్రం మీద దూసుకొస్తాడు. లోకోను కాల్చేస్తాడు. హీరో చేతికి ఇనుప తొడుగు ఉందని తేలుతుంది. బందీలు బయటపడతారు. అందరూ నవ్వులే నవ్వులు!

తర్వాతి కాలంలో డీవీడీల్లో ఈ రెండో ముగింపు చూసిన అభిమానులు పగలబడి నవ్వారు. వాడకూడదనే కార్బూచి దాన్ని కావాలని అంత హాస్యాస్పదంగా తీశాడని కొందరి అనుమానం. అయితే దాన్ని సమర్థించేవాళ్లూ లేకపోలేదు. ‘గంటన్నరకు పైగా ఆ పేదలతో కలిసి చలికి వణికాం. ఒక్కసారైనా వాళ్లు గెలవడం చూడాలనుకుంటే తప్పా?’ అన్నది వాళ్ల వాదన. తప్పేం కాదు. కానీ ఆ కోరిక తీరలేదు కాబట్టే కదా, ఇన్నేళ్ల తర్వాతా గుర్తుంది!

అమెరికాకు చేరేసరికి అర్ధ శతాబ్దం

హాలీవుడ్ సంస్థ ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ అధిపతి డారిల్ జానక్‌కు ఆ ముగింపు చూసి మతిపోయిందని చెబుతారు. కారణమేదైనా సినిమా అమెరికా థియేటర్లకు వెళ్లలేదు. ఇటలీలోనూ అంతంతమాత్రంగానే ఆడింది. పైగా నెల రోజుల తేడాతో లియోనీ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ వచ్చింది. ఇక దీన్ని పట్టించుకునేదెవరు?

పట్టించుకున్నది అభిమానులే. బ్రిటన్‌లో దర్శకుడు అలెక్స్ కాక్స్ 1990 దశకం మొదట్లో బీబీసీ ‘మూవీడ్రోమ్’ కార్యక్రమంలో దీన్ని పరిచయం చేశారు. 2001లో అమెరికాలో డీవీడీ వచ్చింది. ‘జాంగో అన్‌చెయిన్డ్’ (2012)లోని మంచు దృశ్యాలు, ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ (2015) చూసినవాళ్లకు క్వెంటిన్ టరాంటినో మీద దీని ప్రభావం ఇట్టే తెలిసిపోతుంది. ‘హేట్‌ఫుల్ ఎయిట్’కు సంగీతం కూడా మోరికోనెదే. 2016లో ఆయనకు ఆస్కార్ తెచ్చిపెట్టింది ఆ సినిమానే. చివరికి 2018లో, యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ‘ది గ్రేట్ సైలెన్స్’ అమెరికా థియేటర్లలో అడుగుపెట్టింది.

దాన్ని తీసిన, నటించిన ముఖ్యుల్లో చాలామంది అది చూడలేదు. కార్బూచి 1990లో, కిన్‌స్కీ 1991లో, మెక్‌గీ 2010లో కన్నుమూశారు. తర్వాత మోరికోనె 2020లో, ట్రింటిన్యా 2022లో వెళ్లిపోయారు.

అభిమానులు మాత్రం ఉన్నారు. కొత్తవాళ్లు పుడుతూనే ఉన్నారు. మొదటిసారి చూసినవాడు నోట మాట రాక కాసేపలా కూర్చుండిపోతాడు. తర్వాత చర్చ మొదలుపెడతాడు. మాట రాని హీరో చేత ఇంతమందిని మాట్లాడించాడు కార్బూచి... అదే ఆయన గెలుపేమో!

మనకూ ఉన్నాయి!

* గుర్రాలు, టోపీలు, తుపాకులు... తెలుగు ప్రేక్షకుడికి వీటిని దగ్గర చేసింది కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971). కేఎస్ఆర్ దాస్ దర్శకుడు, ఆరుద్ర రచయిత. మన స్పెయిన్ ఎడారి... రాజస్థాన్! 2023 మే 31న కృష్ణ జయంతికి మళ్లీ విడుదలైంది.

* తర్వాత చిరంజీవి ‘కొదమ సింహం’ (1990), మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’ (2002) అదే దారిలో నడిచాయి. వీటిలో చివరికి గెలుపు హీరోదే.

* అలాగని విషాదాంతం మనకు కొత్తేం కాదు. విశాఖ తీరంలో ప్రేమికులిద్దరూ ప్రాణాలు వదిలే ‘మరో చరిత్ర’ (1978)కు జనం బ్రహ్మరథం పట్టారు. కథ నిజమనిపిస్తే ఏడవడానికైనా టికెట్ కొంటారన్నమాట!