కార్డు మీద ఎవరి పేరు?

469, 497, 699, 849. ఇవి ఓట్ల లెక్కలూ కావు, గోల్స్ లెక్కలూ కావు. తమిళనాట ఒక్కో పేద కుటుంబం తరఫున ప్రభుత్వం బీమా కంపెనీకి ఏడాదికి కడుతూ వచ్చిన ప్రీమియం, రూపాయల్లో. మొదటిది 2009లో కరుణానిధి ఖరారు చేసింది. రెండోది 2012లో జయలలిత హయాంలోది. మూడోది 2017 జనవరి నాటిది, ఆమె కన్నుమూసి అప్పటికి నెల దాటిందంతే. నాలుగోది 2022లో స్టాలిన్ ప్రభుత్వం ఒప్పుకున్నది. ఈ నాలుగింటి చుట్టూ జరిగిన గొడవ అంతా ఇంతా కాదు. చిత్రమేమిటంటే గొడవలో ఎక్కువ భాగం డబ్బు గురించి కాదు, పేరు గురించి.

ఈ గొడవ చూడ్డానికి మంచి చోటు తమిళనాడు, ఆంధ్ర హద్దు దగ్గరి పూండి. అదెక్కడ అని అడిగే తెలుగువాళ్లకి ఒక గుర్తు చెప్పాలి. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ నీళ్లు సోమశిల, కండలేరు దాటుకుంటూ వచ్చి చేరే జలాశయం ఇదే. కుశస్థలి నది మీద 1944లో కట్టి, మద్రాసు మేయరుగా పనిచేసిన సత్యమూర్తి పేరు పెట్టారు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కుదుర్చుకున్న ఒప్పందం వల్ల 1996లో తెలుగుగంగ నీళ్లు తొలిసారి ఇక్కడికి అందాయి. ఊత్తుకోట దగ్గర నీళ్లు హద్దు దాటి వచ్చేస్తాయి. ఆసుపత్రి కార్డు మాత్రం అంత తేలిగ్గా దాటదు.

ఆ హద్దు గీసింది 1960 ఏప్రిల్ 1న. పటాస్కర్ సూత్రం ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు పోయాయి. ఊళ్లు విడిపోయినంత మాత్రాన వియ్యాలు విడిపోవు. కూతుర్ని నగరికి ఇచ్చినవాళ్లు, కోడల్ని పుత్తూరు నుంచి తెచ్చుకున్నవాళ్లు తిరుత్తణిలో, పళ్ళిపట్టులో వీధికి నలుగురు కనిపిస్తారు. అందువల్ల ఇక్కడి తెలుగిళ్లలో ఒకే పండగ భోజనం దగ్గర రెండు ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు ఎదురుబొదురుగా కూర్చుంటాయి. అత్తగారింట్లో ‘కాప్పీడు కార్డు’, అంటే తమిళ బీమా కార్డు, అల్లుడింట్లో ‘ఆరోగ్యశ్రీ’. ఎవరి పథకం గొప్పది అన్న వాదన అన్నం వడ్డించేలోపే మొదలవుతుంది.

జెర్సీ మార్చిన జట్టు

పేర్ల కథ చూడండి. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టారు. రెండేళ్లకు, 2009 జూలైలో, చెన్నైలో కరుణానిధి బిరుదుతో కలైంజర్ కాప్పీట్టు తిట్టం, అంటే బీమా పథకం, వచ్చింది. రెండుచోట్లా తొలి బీమా కంపెనీ ఒక్కటే, స్టార్ హెల్త్. ప్రైవేటు కంపెనీకి, కార్పొరేట్ ఆసుపత్రులకు సర్కారు సొమ్ము దోచిపెడుతున్నారన్న విమర్శా రెండుచోట్లా ఒక్కటే. 2011లో జయలలిత గెలవగానే కలైంజర్ పథకాన్ని పక్కన పడేసి, 2012 జనవరి 11న ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా అంటూ కొత్తది తెచ్చి, ప్రభుత్వ రంగంలోని యునైటెడ్ ఇండియాకు అప్పగించారు.

ఆంధ్రలో ఆటగాళ్లు మారలేదు గానీ జెర్సీ మాత్రం ఎన్నికకొకసారి మారింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. తమిళనాడులో 2021లో ప్రభుత్వం మారినా పేరు మారలేదు. ‘ముఖ్యమంత్రి’ అన్న మాటలో మనిషి పేరు లేదు కదా, ఎవరు ఆ కుర్చీలో కూర్చుంటే పథకం వాళ్లదే. జయలలిత ఉద్దేశించి చేశారో లేదో గానీ, ఆ పథకం బతకడానికి ఆ పేరు కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇక డబ్బు సంగతి. 1.37 కోట్ల కుటుంబాలు, తలా 849 రూపాయలు అంటే ఏడాదికి 1,160 కోట్లు దాటుతుంది. పదేళ్లలో ప్రీమియం 497 నుంచి 849కి పెరిగితే, చికిత్స పరిమితి ఏడాదికి లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది. సరుకు అయిదింతలై, ధర రెండింతలు కూడా కాలేదు. ఎలా సాధ్యం? బీమాలో పరిమితి అనేది పైకప్పు, అంత ఎత్తు ఎగిరేవాళ్లు బహు కొద్దిమంది. ఏ ఆపరేషన్‌కి ఎంత ఇవ్వాలో ప్రభుత్వమే రేటు కడుతుంది, ఆసుపత్రి అడిగినంత కాదు. పైగా తమిళనాట జనం ‘జీహెచ్’ అని పిలుచుకునే సర్కారు ఆసుపత్రులు కూడా ఇదే పథకం కింద క్లెయిములు పెట్టుకుంటాయి. ఆ డబ్బులో కొంత ఆసుపత్రికి, కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా పోతుంది. అంటే బీమా కంపెనీ చేతుల మీదుగా తిరిగి కొంత సొమ్ము సర్కారు గడపకే చేరుతుంది. మందుల కొనుగోలు కోసం 1994లో పెట్టిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ వల్ల బీపీ మాత్ర, షుగరు మాత్ర ఊళ్లోనే ఉచితంగా దొరుకుతాయి. ఆ మాత్ర అందినవాడికి పదేళ్ల తర్వాత గుండె ఆపరేషన్ అవసరం పడే అవకాశం తగ్గుతుంది. కొట్టిన గోలు అందరూ చూస్తారు, ఆపిన గోలు స్కోరులో కనిపించదు.

కన్నం ఎక్కడుందంటే, ఆదాయ పరిమితిలో. ఏడాదికి 72,000 ఉన్నదాన్ని 2022లో 1.20 లక్షలకు పెంచారు. అంటే నెలకు 10,000. గ్రామ పరిపాలనాధికారి, జనం మాటలో ‘వీఏఓ’, ఆదాయ ధ్రువపత్రం ఇవ్వాలి. మరమగ్గం మీద రెండు షిఫ్టులు నేసి ఆ గీతకు కొంచెం పైన తేలినవాడు కాగితాల్లో పేదవాడు కాదు. బజారులో ప్రైవేటు పాలసీ కొనేంత ఉన్నవాడూ కాదు.

లోకల్ రైల్లో వినిపించే మాట

తిరువళ్ళూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు పోయే లోకల్ రైలు పెరంబూరు, వ్యాసర్‌పాడి జీవా స్టేషన్ల మీదుగా వెళ్తుంది. మిగతా నగరమంతా క్రికెట్ అంటే, ఉత్తర చెన్నై ఇప్పటికీ ఫుట్‌బాల్ అంటుంది. ఈ రైల్లో ఫుట్‌బాల్ అభిమానుల కబుర్లు, రాజకీయ అభిమానుల కబుర్లు పక్కపక్కనే నడుస్తాయి. కాసేపు చెవి పెడితే ఒక తేడా తెలుస్తుంది.

ఫుట్‌బాల్ అభిమాని తన జట్టుని క్షమించడు. చెన్నయిన్ ఎఫ్‌సీ 2015లో, 2018లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది కాబట్టి తర్వాతి ఓటములన్నీ సర్దుకుపోదాం అనే అభిమాని అరుదు. కోచ్‌ని పంపెయ్యాలి, ఫలానావాడిని కొనడం దండగ, యాజమాన్యానికి ఆట తెలియదు అని తిట్టేది ఎదుటి జట్టువాడు కాదు, ఆ నీలం జెర్సీ వేసుకున్నవాడే. కేరళ బ్లాస్టర్స్ అభిమాన సంఘం మంజప్పడ 2025 జనవరిలో సొంత క్లబ్ యాజమాన్యం మీదే నిరసనకు దిగింది. పార్టీ అభిమాని అలా చేయడు. తన పార్టీ పథకంలో ఆసుపత్రి వెనక్కి పంపేస్తే అది ఆసుపత్రి తప్పు. అవతలి పార్టీ హయాంలో అదే జరిగితే ప్రభుత్వం తప్పు.

హైదరాబాద్ అభిమానులకు ఇంకో పాఠం తెలుసు. 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కొద్దికాలానికే ఆటగాళ్లకు జీతాలివ్వలేక చితికిపోయింది, 2025లో జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలవడం వేరు, బిల్లులు కట్టడం వేరు. ఆరోగ్యశ్రీ కథ అచ్చం ఇదే. ఆంధ్రలో 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు, తెలంగాణలో అదే నెలలో 10 లక్షలు చేశారు. హోర్డింగుల మీద అంకెలు పెరుగుతుంటే నెట్‌వర్క్ ఆసుపత్రుల బకాయిలూ పెరిగాయి. ఆంధ్రలో ప్రైవేటు ఆసుపత్రుల సంఘం 2024 మేలో వైఎస్సార్సీపీ హయాంలో సేవలు ఆపింది, 2025 అక్టోబరులో తెలుగుదేశం కూటమి హయాంలోనూ ఆపింది. తెలంగాణలోనూ 2025 సెప్టెంబరులో అదే తంతు. పరిమితి ఎంతో అందరికీ కంఠతా వచ్చు. బకాయి ఎంతో అడిగే అభిమాని ఏ పార్టీలోనూ లేడు. ఆంధ్ర ప్రభుత్వం రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, ఆపైన పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ద్వారా ఇచ్చే కొత్త పద్ధతికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గ ఆమోదం తెలిపింది. ట్రస్టు నుంచి బీమాకు తిరిగి మళ్లడం మంచిదా చెడ్డదా అనేది ప్రీమియం ఎంతకు తెగుతుంది, క్లెయిము ఎన్నిరోజుల్లో చెల్లుతుంది అన్న రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. వాదన మాత్రం ప్రైవేటీకరణా, సంస్కరణా అన్న రెండు మాటల మధ్యే తిరుగుతోంది.

మోకాలి దెబ్బ

ఫుట్‌బాల్ ఆడేవాళ్ల ఇళ్లలో ఆరోగ్య బీమా అనేది కాగితం కాదు, మోకాలు. 2022 నవంబరులో వ్యాసర్‌పాడికి చెందిన 17 ఏళ్ల క్రీడాకారిణి, క్వీన్ మేరీస్ కాలేజీ విద్యార్థిని, లిగమెంట్ దెబ్బకు చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకుంది. తర్వాత వేసిన కట్టు బిగుసుకుపోయి రక్తం ఆడలేదు. పెద్దాసుపత్రికి మార్చి కాలు తీసేసినా ప్రాణం దక్కలేదు. నవంబరు 15న చనిపోయింది. ఇద్దరు వైద్యుల్ని సస్పెండ్ చేశారు. ప్రతిపక్షాలు సర్కారు ఆసుపత్రులే కుప్పకూలాయన్నాయి. ముఖ్యమంత్రి స్టాలిన్ ఆమె ఇంటికి వెళ్లి 10 లక్షల రూపాయలు, తోబుట్టువుకు ఉద్యోగం, ఇల్లు ఇచ్చారు.

ఆ ఉద్యోగం అనే మాట దగ్గర ఆగాలి. మన దేశంలో ఫుట్‌బాల్ ఆటగాడికి మొదటినుంచీ అసలు బీమా ఉద్యోగమే. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆడితే పోలీసు కొలువు, రైల్వేకి ఆడితే రైల్వే ఆసుపత్రి. పెరంబూరు కుర్రాళ్లు రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్ జట్టులో చోటు కోసం ఆరాటపడింది కప్పుల కోసం మాత్రమే కాదు, ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుందని. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం సాబ్ తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. ఆ జట్టులోని సికింద్రాబాద్ అమ్ముగూడ ముద్దుబిడ్డ తులసీదాస్ బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే బూట్లు విప్పేశారు.

ఇప్పుడు ఇంకో చివర చూద్దాం. దేశం తరఫున ఆడుతూ ఆటగాడు గాయపడితే అతని క్లబ్బుకు ఫిఫా 2012 నుంచి పరిహారం ఇస్తోంది. 28 రోజులు దాటితే రోజుకు 20,548 యూరోల దాకా. మన రూపాయల్లో ఒక్కరోజుకే పద్దెనిమిది, ఇరవై లక్షలు. తమిళనాడు పథకం ఒక కుటుంబానికి ఏడాదంతటికీ ఇచ్చే పరిమితికి అది మూడింతల పైమాటే.

పద్దెనిమిది శాతం

కార్డు రానివాడి గొడవ ఢిల్లీ దాకా పోయింది. సొంతంగా పాలసీ కొనుక్కుంటే ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. 20,000 పాలసీకి 3,600 పన్ను. దీన్ని తీసెయ్యమని 2024 జూలై 28న ఆర్థికమంత్రికి లేఖ రాసింది ప్రతిపక్షం కాదు, సాటి మంత్రి నితిన్ గడ్కరీ. ఫుట్‌బాల్ అభిమాని లక్షణం ఆయనలో కాస్త ఉందనుకోవాలి. ఆగస్టు 6న ప్రతిపక్ష ఎంపీలు పార్లమెంటు మకర ద్వారం దగ్గర ప్లకార్డులు పట్టారు. జీఎస్టీకి ముందూ పన్ను ఉండేదని, వసూళ్లలో ముప్పాతిక దాకా రాష్ట్రాలకే పోతుందని నిర్మలా సీతారామన్ జవాబిచ్చారు. అది నిజమే. ప్లకార్డులు పట్టిన పార్టీలు పాలించే రాష్ట్రాలూ ఆ డబ్బు తీసుకున్నవే. చివరికి 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద పన్ను పూర్తిగా ఎత్తేశారు. అయితే కంపెనీలు తాము కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు కూడా పోయింది కాబట్టి, ఆ బరువు మూల ప్రీమియంలోకి జారుతుందేమోనన్న భయం మిగిలింది.

అమెరికాలో పిల్లలున్న మనవాళ్లకు ఈ తగువు కొత్త కాదు. బీమా రాయితీల మీద పేచీతో 2025 అక్టోబరు 1 నుంచి అక్కడి ప్రభుత్వమే 43 రోజులు మూతపడింది.

మళ్లీ మైదానానికి. 2024 ఆగస్టు 18న కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రద్దయింది. ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం తర్వాత నగరం అట్టుడుకుతున్న రోజులవి. వందేళ్ల వైరం ఉన్న ఆ రెండు జట్ల అభిమానులు, మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లతో కలిసి, సాల్ట్‌లేక్ స్టేడియం బయట ఒకే నినాదంతో నిలబడ్డారు. పోలీసులు లాఠీలు ఝళిపించినా జెర్సీలు విడిపోలేదు. ఆసుపత్రి కోసం రెండు పార్టీల జెండాలు అలా ఒకచోట చేరిన రోజు హద్దుకి అటూ ఇటూ ఉన్న మన రెండు రాష్ట్రాల్లో నాకైతే గుర్తు రావడం లేదు.

హద్దు ఊళ్లలో కొంత మేలు జరిగింది. ఆరోగ్యశ్రీ 2019 నవంబరు 1 నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ఆసుపత్రుల్లోనూ చెల్లుతోంది. ఇటువైపు కాప్పీడు కార్డు తిరుపతిలో చెల్లాలంటే మాత్రం సాధారణంగా ఆ కుటుంబం కేంద్రం 2011 సామాజిక, ఆర్థిక గణన జాబితాలో ఉండి, ఆయుష్మాన్ భారత్ కిందకి రావాలి.  తమిళనాడులోనే ఇంకో పథకం ఉంది, 2021 డిసెంబరు 18న మొదలైంది, ‘ఇన్నుయిర్ కాప్పోం’. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న ఎవరికైనా మొదటి 48 గంటలు ఉచిత చికిత్స. పెరటాసి నెలలో ఈ దారిన తిరుమలకు నడిచిపోయే భక్తుడైనా, రేణిగుంట నుంచి సరుకు తెచ్చే లారీ డ్రైవరైనా, బీహారు కూలీ అయినా ఏ రాష్ట్రం, ఏ కార్డు, ఎంత ఆదాయం అని ఎవరూ అడగరు. 49వ గంట నుంచి ఆ ప్రశ్నలన్నీ మళ్లీ మొదలవుతాయి.