వీడియో ఆటలు తయారు చేసేవారికి వేదిక ఏది?

తిరుపతి: గంగమ్మ జాతర వచ్చిందంటే తిరుపతి వీధుల్లో వేషాలే వేషాలు. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు అమ్మవారి నిజరూపం చూసి భయపడి దాక్కుంటాడు. బైరాగిగా, బండగా, తోటిగా రోజుకొక వేషంలో గంగమ్మ వాడిని వెదుకుతుంది. చివరికి దొర వచ్చాడనుకుని బయటపడిన పాలెగాడు, ఆ దొర వేషంలో ఉన్న అమ్మవారి చేతిలోనే హతమవుతాడు.

ఈ కథ తిరుపతిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వేషం మార్చడం, వెదకడం, ఒక్కొక్క దశ దాటడం, చివరికి దుష్టుణ్ణి మట్టుపెట్టడం - వీడియో ఆటకు కావలసిన సరంజామా అంతా ఇందులోనే ఉంది. కాని దీనిని ఆటగా మలచాలని ఒక కుర్రవాడు అనుకుంటే, అతడికి దారి చూపేదెవరన్నదే ప్రశ్న.

జూదం వేరు, తయారీ వేరు

వీడియో ఆట అనగానే తల్లిదండ్రులు భయపడడంలో వింత లేదు. ఆన్‌లైన్ పందేలలో సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. అందుకే రాష్ట్ర ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. అయితే పందెం లేని ఆటలను ప్రోత్సహించాలని కూడా అదే చట్టం చెబుతున్నది. ఈ రెండో మాట చాలామంది చెవిన పడలేదు.

ఆట తయారు చేయడం ఒక పనితనం. కథ అల్లేవారు, బొమ్మలు గీసేవారు, ప్రోగ్రాము రాసేవారు, సంగీతం కూర్చేవారు కలిస్తేగాని మంచి ఆట తయారు కాదు. పనిముట్లకు ఖర్చు పెద్దగా లేదు. ఆట నిర్మించే గోడో, బొమ్మలు మలిచే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. తయారైన ఆటను గూగుల్ ప్లేస్టోరులో ఉంచడానికి ఒక్కసారి 25 డాలర్లు, కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు కడితే చాలు.

లేనిదల్లా తోడు. గదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి తన ఆటలోని లోపం తెలిసిరాదు. కొత్తవారి చేతికిచ్చి, వారు ఎక్కడ తికమకపడుతున్నారో పక్కన నిలబడి చూడాలి. అందుకు నలుగురు కలిసే చోటు కావాలి.

హైదరాబాదు చూపిన దారి

ఆ చోటు హైదరాబాదులో ఏర్పడింది. అక్కడి ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల రాక్షసుల ఛాయలతో 'అసుర' అనే ఆటను తయారు చేసి 2017లో విడుదల చేసింది. భారత గేమ్ డెవలపర్ల సదస్సు 2022, 2023, 2024 సంవత్సరాల్లో హైదరాబాదులోనే జరిగింది. చిన్న బృందాలు తమ ఆటలను బల్లలపై పెట్టి వచ్చినవారిచేత ఆడించడం, పెట్టుబడిదారులను కలవడం అక్కడ మామూలు. 2025 నవంబరులో ఆ సదస్సు చెన్నైకి, అంటే తిరుపతికి సుమారు 140 కిలోమీటర్ల దూరానికి వచ్చింది.

పూనాకు చెందిన నాడింగ్ హెడ్స్ బృందం కథ మరొక పాఠం. వీరు 2017లో ఇంటర్నెట్ ద్వారా చందాలు కోరగా అనుకున్న మొత్తం రాలేదు. అయినా పట్టు వదలక 2020లో 'రాజీ' అనే ఆటను విడుదల చేశారు. అదే ఏడాది అంతర్జాతీయ గేమ్ అవార్డులలో తొలి ప్రయత్నాల విభాగానికి అది ఎంపికైంది. ఆ ఆటలో కథ చెప్పే ఘట్టాలు తోలుబొమ్మలాట పద్ధతిలో సాగుతాయి. తోలుబొమ్మలకు పేరుపొందిన నిమ్మలకుంట మన రాయలసీమలోనే ఉన్నదని మరువరాదు.

రెండు రోజులు చాలు

ప్రపంచమంతటా 'గేమ్ జామ్' అనే పద్ధతి ఉన్నది. ఒక విషయం ప్రకటిస్తారు. బృందాలుగా కూడినవారు 48 గంటల్లో ఒక చిన్న ఆట తయారు చేసి అందరికీ చూపాలి. గ్లోబల్ గేమ్ జామ్ 2009లో 23 దేశాలతో మొదలైంది. ఇందులో గెలుపు ఓటముల కన్నా, బొమ్మలు గీసేవాడికి ప్రోగ్రాము రాసేవాడు పరిచయం కావడమే అసలు లాభం.

ఇటువంటి పరిచయాలకు తిరుపతిలో కొరత ఉండరాదు. ఐ.ఐ.టి., ఎస్.వి. విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. శిల్పం, కలంకారీ నేర్పే టి.టి.డి. సంప్రదాయ శిల్ప సంస్థ ఇక్కడే ఉంది. వరుసలుగా బొమ్మలు గీసి రామాయణ, భారతాలు చెప్పగల కలంకారీ కళాకారులు శ్రీకాళహస్తిలో ఉన్నారు. పులి-మేక ఆటలో ఎత్తులు తెలిసిన పెద్దలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. కొద్ది పులులకు ఎక్కువ మేకలను పోటీపెట్టి ఇరుపక్షాలకూ సమాన అవకాశం కల్పించడం ఎలాగో ఆ ఆటే నేర్పుతుంది. వీరంతా ఒక గదిలో కూర్చోవడమే మిగిలింది.

అవకాశం చేజారకముందే

రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభించినప్పుడు, దాని ఐదు ప్రాంతీయ కేంద్రాల్లో తిరుపతి ఒకటిగా నిలిచింది. 15,000 ఉన్నత పాఠశాలల్లో, 500 కళాశాలల్లో యానిమేషన్, గేమింగ్ ప్రయోగశాలలు నెలకొల్పేందుకు తోడ్పడతామని 2026 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఈ పట్టికలో మన రెండు జిల్లాల పేర్లు చేరాలంటే ఇప్పటినుంచే ప్రయత్నం సాగాలి. లేకుంటే చిత్తూరు కుర్రవాడు బెంగుళూరుకు, తిరుపతి అమ్మాయి చెన్నైకి బస్సెక్కక తప్పదు.

ప్రయోగశాల వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఒక శని, ఆదివారం కంప్యూటరు గది తాళం తీసి ఇవ్వడానికి ఏ కళాశాలకూ పెద్ద నిధులు అక్కరలేదు. తయారైన ఆటలను ఊరివారికి చూపడానికి జాతర వారం కన్నా మంచి అదను ఏముంటుంది? విశ్వవిద్యాలయాల అధికారులు, జిల్లా యంత్రాంగం ఈ దిశగా ఆలోచించవలసి ఉన్నది.