“పడదు” అన్న ప్రతిదీ ఎలర్జీ కాదు

“సిస్టరమ్మా, మా బాబుకు పాలు పడవు, గుడ్డు పడదు, వంకాయ అసలే పడదు” అని ఓపీలో తల్లులు చెబుతుంటారు. ఇవన్నీ ఎలర్జీలేనా?

ఆహారంలోని ప్రోటీనును మన రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడితే వచ్చేది ఎలర్జీ. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. తిన్న ప్రతిసారీ దాదాపు అలాగే జరుగుతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు మాత్రమే అయితే అది చాలాసార్లు పాలలోని చక్కెర అరగకపోవడం. వంకాయలో సహజంగానే హిస్టమిన్ ఉంటుంది గనుక ఎలర్జీ లేనివారికి కూడా నోరు దురద పెట్టవచ్చు.

రోగం తేల్చడంలో మీరు చెప్పే వివరాలే ముఖ్యం. ఏమి తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి వచ్చింది, ఇంతకుముందు తిన్నప్పుడు ఏమైంది అనేవి కాగితం మీద రాసుకొని రండి. చర్మ పరీక్షలో ముంజేతి మీద చుక్క వేసి, సన్నని సూదితో గుచ్చి, 15 నిమిషాల తరువాత చూస్తారు. రక్త పరీక్షలో “పాజిటివ్” వచ్చినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్లు కాదు. ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న పదార్థానికి కూడా పాజిటివ్ రావచ్చు. ఆ రిపోర్టు పట్టుకొని పాలు, గుడ్లు, పప్పులు అన్నీ మాన్పిస్తే బిడ్డ చిక్కిపోతాడు. అనుమానం తీరకపోతే కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. అది ఆసుపత్రిలో డాక్టరు ఎదుటే జరగాలి, ఇంట్లో ప్రయత్నించవద్దు.

ఎలర్జీ అని తేలితే ఆ ఒక్క పదార్థాన్ని పూర్తిగా మానాలి. విందు భోజనాల్లో రొయ్యలు వేయించిన నూనె, వడ్డించిన గరిటె సంగతి కూడా అడగండి, మొహమాటపడకండి. పాలు, గుడ్ల ఎలర్జీ చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ పోతుంది. వేరుశనగ, రొయ్యల ఎలర్జీ చాలామందికి ఉండిపోతుంది.

ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం వస్తే ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని నడిపించకుండా పడుకోబెట్టండి, ఆయాసంగా ఉంటే ఆనించి కూర్చోబెట్టండి. సెట్రిజిన్ మాత్ర దురదకే గాని ఆయాసాన్ని ఆపదు. ప్రాణం నిలిపేది తొడ కండరంలో ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షనే. “గుండెకు ప్రమాదమేమో” అని దానికి అడ్డుచెప్పవద్దు. తగ్గిన తరువాత కూడా మేము కొన్ని గంటలు ఉంచమంటాము, ఎందుకంటే కొందరికి అది మళ్ళీ తిరగబెడుతుంది.