ఎండిపోయిందని అమల్తాస్‌ను నరకకండి

మార్చిలో మా మస్జిద్ వెనక చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. నల్లటి కర్రల్లాంటి కాయలు తప్ప కొమ్మల మీద ఏమీ లేదు. ‘ఎండిపోయింది, కొట్టేద్దాం’ అన్నారు కొందరు. పక్కింటి నానీ అడ్డం పడ్డారు: ‘అరె, అది అమల్తాస్! రెండు నెలలు ఆగండి’. మే నెలలో చెట్టంతా పసుపు గుత్తులే.

మనం ఉర్దూలో అమల్తాస్ అనేది తెలుగులో రేల చెట్టు. ఇది మన దేశపు చెట్టే. ఎండాకాలం ఆకులు రాల్చి పూయడం దీని అలవాటు. అనుమానం వస్తే గోరుతో చిన్న కొమ్మ బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

పసుపు పూల చెట్టల్లా రేల కాదండోయ్. రోడ్ల పక్కన కనిపించే పచ్చ తురాయికి చింతాకులాంటి సన్నని ఆకులు, పైకి నిలబడే పూగుత్తులు, రాగిరంగు చదునైన కాయలు ఉంటాయి. తంగేడు పొద మాత్రమే. రేలకైతే అరచేయంత పొడవు ఆకులు జంటలుగా వస్తాయి, పూలగుత్తులు ద్రాక్షగుత్తుల్లా కిందికి వేలాడతాయి, కాయ గుండ్రంగా, అడుగు నుంచి రెండడుగుల పొడవు ఉంటుంది. నర్సరీలో పేరు చెప్తే సరిపోదు, ఆకు చూసి కొనండి. నేను ఒకసారి రేల అని తెచ్చి, మూడేళ్లు నీళ్లు పోశాక అది తురాయి అని తెలుసుకున్నాను!

కొనకుండా విత్తనంతోనే పెంచొచ్చు. ఎండిన కాయ పగలగొడితే ఒక్కో గదిలో ఒక్కో గింజ ఉంటుంది. పెంకు చాలా గట్టిది, అలాగే నాటితే నెలలు గడిచినా మొలవకపోవచ్చు. గరుకు కాగితంతో ఒకవైపు కాస్త అరగదీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటండి. వానాకాలం మొదట్లో మొక్కను నేలలో పెట్టండి. రోజంతా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే చాలు, తర్వాత అదే తట్టుకుంటుంది. పూత కోసం మాత్రం కొన్నేళ్లు ఆగాలి.

ఆకుల మీద పచ్చని పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. చాలాసార్లు అవి సీతాకోకచిలుకల పిల్లలే. ఆకు మళ్లీ వస్తుంది.

కాయలోని నల్లటి గుజ్జును యునానీలో ఖియార్ షంబర్ పేరుతో విరేచనానికి వాడతారు. తియ్యగా ఉంటుందని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, కడుపు నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. హకీమ్‌ను అడగకుండా ఇంట్లో ఎవరికీ, ముఖ్యంగా గర్భిణులకు, ఇవ్వకండి. రాలిన కాయలను ఎప్పటికప్పుడు ఏరెయ్యండి. వాటిలోంచే నాలుగు మంచివి గింజల కోసం దాచుకోండి.