పడవ అడుగున ఇత్తడి, కంచు: ఒక కవాటం కథ

పడవ పని నీటిని బయట ఉంచడం. అయినా సముద్రంలో దూర ప్రయాణాలు చేసే తెరచాప పడవలకు నీటిమట్టానికి కింద కావాలని చేసిన రంధ్రాలు చాలానే ఉంటాయి. ఇంజిన్‌ను చల్లబరిచే నీరు ఒకదాని గుండా లోపలికి వస్తుంది. వంటగది సింకు నీరు మరొకదాని గుండా బయటికి పోతుంది. మరుగుదొడ్డికి సాధారణంగా రెండు కావాలి. (హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు దిగే చిన్న పడవలకు ఇంజినూ వంటగదీ ఉండవు కాబట్టి ఈ బెడద లేదు.) ఇలాంటి రంధ్రంలో బిగించే, బయటివైపు పుట్టగొడుగు తలలాంటి అంచు ఉన్న గొట్టాన్ని త్రూ-హల్ అంటారు. లోపలివైపు దానికి బిగించే కవాటమే సీకాక్. దాని పిడి తిప్పితే సముద్రం ఆగాలి.

ఆగకపోతే ఏమవుతుందో లెక్క వేయడం కష్టం కాదు. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద, 38 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక రంధ్రం తెరుచుకుందనుకుందాం. టోరిచెల్లి సూత్రం ప్రకారం నీరు సెకనుకు దాదాపు 3.4 మీటర్ల వేగంతో లోపలికి చిమ్ముతుంది. రంధ్రం దగ్గర ధార సన్నబడటాన్ని లెక్కలోకి తీసుకున్నా నిమిషానికి సుమారు 140 లీటర్లు. అంటే 20 నిమిషాల్లో 2.8 టన్నుల నీరు! వేగం లోతు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రంధ్రం సగం లోతులోనే ఉన్నా ప్రవాహం సగానికి తగ్గదు, 70 శాతం వరకూ ఉంటుంది.

2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళ మహిళా బృందాన్ని గుర్తుచేసుకోండి. ఐఎన్‌ఎస్‌వీ తారిణిపై వెళ్లిన ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. అలాంటి ప్రయాణంలో మరమ్మతు చేసే రేవు కొన్ని వారాల దూరంలో ఉండవచ్చు. అక్కడ కవాటం ఏ లోహంతో చేశారన్నది చిన్న ప్రశ్న కాదు.

అసలు చిక్కు ఇత్తడితో వస్తుంది. మార్కెట్లో చవగ్గా దొరికే కవాటాలను ఎక్కువగా సీడబ్ల్యూ617ఎన్ రకం ఇత్తడితో చేస్తారు. దానిలో 40 శాతం దాకా జింక్ ఉంటుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. రాగితో పోలిస్తే జింక్ ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకుంటుంది. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ జింక్ కరిగిపోయి, స్పాంజిలా గుల్లబారిన రాగి మిగులుతుంది. చింతపండు పులుసులో ఎక్కువసేపు నానిన ఇత్తడి గిన్నె ఎర్రబారడం చాలామంది చూసే ఉంటారు. అదీ ఈ కోవలోదే. అయితే గిన్నెలో అది పైపూతకే పరిమితం, సీకాక్‌లో గోడ మందమంతా పాకుతుంది. వస్తువు ఆకారం, కొలతలు ఏమాత్రం మారవు. బలం మాత్రం పోతుంది.

40 శాతం ఎందుకు ప్రమాదకరం? జింక్ అంత ఎక్కువైతే ఇత్తడిలో రెండు రకాల స్ఫటిక నిర్మాణాలు ఏర్పడతాయి. వాటిలో జింక్ ఎక్కువున్న బీటా భాగం ముందుగా కరుగుతుంది. జింక్‌ను 36 శాతం దగ్గర ఆపి, కొద్దిపాటి ఆర్సెనిక్ కలిపితే ఈ నష్టాన్ని బాగా అడ్డుకోవచ్చు. దానిని డీజెడ్‌ఆర్ ఇత్తడి అంటారు. ఇంకా మేలైనది 85 శాతం రాగి, తగరం, సీసం, జింక్ ఒక్కోటి 5 శాతం ఉండే కంచు. పేరును మాత్రం నమ్మకూడదు. ‘మాంగనీస్ బ్రాంజ్’ అని అమ్మేది నిజానికి జింక్ నిండుగా ఉన్న ఇత్తడే.

1994 నాటి ఐఎస్‌ఓ 9093-1 ప్రమాణం ప్రకారం, ఐదేళ్లపాటు లోపం చూపని లోహమైతే చాలు, దాన్ని తుప్పు తట్టుకునేదిగా లెక్కించేవారు. పడవలేమో ముప్ఫై నలభై ఏళ్లు వాడుకలో ఉంటాయి. ఐదేళ్ల హామీతో సరిపెట్టుకోవడం నాకైతే వింతగానే తోస్తుంది.

పాత ఫిట్టింగ్‌ను పరీక్షించడానికి తొలి సాధనం చిన్న సుత్తి. మంచి లోహం ఖంగుమంటుంది, గుల్లబారినది బొద్దుగా పలుకుతుంది. గీరి చూస్తే పసుపు బదులు గులాబి రంగు కనిపిస్తుంది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ హెచ్-27 ప్రమాణం ఇంకా కఠినమైనది: సీకాక్ లోపలి కొసపై 227 కిలోల బరువు 30 సెకన్లు మోపినా అది తట్టుకోవాలి. ఎవరో పొరపాటున దానిపై కాలు వేసినా ఊడిరాకూడదన్నమాట.

మార్చాలంటే పడవను ఒడ్డుకెక్కించాల్సిందే. బయటి అంచును గ్రైండర్‌తో కోసి పాతదాన్ని లోపలికి నెడతారు. అప్పుడు రంధ్రం అంచుల్ని చూడాలి. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బల్సా చెక్క ఉండి అది తడిసి మెత్తబడితే, దాన్ని తొలగించి ఎపాక్సీ నింపాకే కొత్తది అమర్చాలి. లోపలివైపు మందపాటి ఫైబర్‌గ్లాస్ పలక వేస్తే బరువు విస్తరిస్తుంది. మరలు కూడా సరిపోవాలి. గొట్టానికి సమాంతర మర, కవాటానికి వాలు మర ఉంటే రెండు మూడు చుట్లకే బిగుసుకుని గట్టిగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. ఇది చాలా పడవల్లో కనిపించే తప్పు. సీలెంట్ పూశాక మరీ బిగించినా అదంతా బయటికి పిండుకుపోతుంది.

గ్లాస్‌ఫైబర్ కలిపిన నైలాన్ ఫిట్టింగులకు ఈ తుప్పు గొడవ లేదు. కొత్తగా కొనేవారికి అవీ మంచి ఎంపికే. పిడి బిగుసుకుపోయినప్పుడు బలవంతంగా తిప్పితే విరగవచ్చు కాబట్టి వాటిని తరచూ తెరిచి మూస్తుండాలి.

పడవను తిరిగి నీటిలోకి దించేటప్పుడు క్రేన్ పట్టీలు విప్పకముందే ఒకరు లోపలికి దిగి, ప్రతి ఫిట్టింగ్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూస్తారు. ప్రతి సీకాక్ పక్కనా, ఆ రంధ్రానికి సరిపడే మెత్తని చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచుతారు.