లీవర్-యాక్షన్ రైఫిల్‌కి సప్రెసర్ కొంటున్నారా? డెసిబెల్ నంబర్ తర్వాత చూడొచ్చు

పాత కౌబాయ్ సినిమాల్లో హీరో చేతిలో ఉండే లీవర్-యాక్షన్ రైఫిల్ ఇప్పుడు అమెరికాలో కొత్త గెటప్‌లో వస్తోంది. హెన్రీ మోడల్ ఎక్స్, మార్లిన్ 1895 డార్క్ చూడండి. చెక్క పోయి నల్లటి సింథటిక్ స్టాక్, లైట్ బిగించుకోవడానికి స్లాట్లు, బ్యారెల్ కొసన సప్రెసర్ కోసం మరలు.

సప్రెసర్ అనగానే అందరూ డెసిబెల్ నంబర్ అడుగుతారు. ఫోన్ కొనేటప్పుడు అంటుటు స్కోర్ చూడటం లాంటిదే ఇదీ. ఏ తూటా, ఎంత బ్యారెల్, మైక్ ఎక్కడ పెట్టారు అన్నదాన్ని బట్టి ఆ నంబర్ మారిపోతుంది.

అసలు ముందు చూడాల్సింది రంధ్రం సైజు. .45-70 బుల్లెట్ వ్యాసం 0.458 అంగుళాలు. దానికి .30 క్యాలిబర్ సప్రెసర్ తగిలిస్తే బుల్లెట్ లోపలి బాఫిల్స్‌ని గుద్దేస్తుంది. సప్రెసర్ పోవడమే కాదు, పక్కనున్నవాళ్లకీ ప్రమాదం. అందుకే సైలెన్సర్‌కో హైబ్రిడ్ 46ఎమ్ లాంటి పెద్ద రంధ్రం మోడల్ కావాలి. దీన్ని పొడవుగానో పొట్టిగానో మార్చుకోవచ్చు, .357 రైఫిల్‌కీ వాడొచ్చు. కాకపోతే చిన్న బుల్లెట్‌కి పెద్ద రంధ్రం కాబట్టి శబ్దం కాస్త ఎక్కువ. ఒక్క .357 మాత్రమే ఉంటే 36 క్యాలిబర్‌ది తేలిగ్గా ఉంటుంది, నా ఓటు దానికే.

తర్వాత మర. హెన్రీ ఎక్స్‌ది 5/8-24, మార్లిన్ 1895ది 11/16-24. మౌంట్ ఆర్డర్ పెట్టేముందు సరిచూసుకోండి.

చాలామంది మర్చిపోయేది బ్యారెల్ కింద ఉండే ట్యూబ్ మ్యాగజైన్. హెన్రీలో తూటాలు ఖాళీ చేయాలంటే లోపలి ట్యూబ్‌ని ముందుకి లాగాలి. సప్రెసర్ మరీ లావుగా ఉంటే అది అడ్డొస్తుంది. వ్యాసం కొలిచి చూసుకోవాల్సిందే.

లీవర్-యాక్షన్‌కి ఒక ప్లస్ ఉంది. పేలేటప్పుడు యాక్షన్ మూసే ఉంటుంది కాబట్టి సెమీ-ఆటోమేటిక్‌లలాగా గ్యాస్ మొహం మీదకి కొట్టదు. కానీ సినిమాల్లోలాగా ‘ఫట్’ అని ఊరుకోదు. బుల్లెట్ ధ్వని వేగం, అంటే సుమారు సెకనుకి 343 మీటర్లు దాటితే గాల్లో వచ్చే చప్పుడుని ఏ సప్రెసరూ ఆపలేదు. బరువైన సబ్‌సోనిక్ తూటాలతోనే అసలు తేడా తెలుస్తుంది. మామూలు తూటాలైతే చెవులకి రక్షణ తీయకండి.

1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. అయితే ఫారం 4, వేలిముద్రలు, ఏటీఎఫ్ అనుమతి అలాగే ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో సామాన్యులకి సప్రెసర్లు నిషేధం. టెక్సాస్‌లో ఓకే. కానీ హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి, సప్రెసర్ కూడా ఆ చట్టంలో తుపాకీ కిందే లెక్క. ఫ్రెండ్ పేరు మీద కొనిపించుకుందాం అనుకుంటే ఇద్దరూ ఇరుక్కుంటారు.