పదకొండున్నర మిల్లీమీటర్ల పది

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో పది పాయింట్లు తెచ్చిపెట్టే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. నిలబడి, ఒక్క చేత్తో, ఏ ఆసరా లేకుండా, 75 నిమిషాల్లో 60 సార్లు దాన్ని కొట్టాలి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో, ఈ విభాగంలో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది.

దాదాపు కిలో బరువును చాచిన చేత్తో పట్టుకుంటే చెయ్యి వణకదా? వణుకుతుంది. పతకాలు గెలిచినవాళ్ల చెయ్యీ వణుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ వణుకుతోనే పోరాడి అలసిపోతారు. గురి తప్పేది ఎక్కువగా మరోచోట.

పిస్టల్ మీద రెండు సైట్లుంటాయి. కంటికి దగ్గరగా ఉండే సైట్‌లో ఒక గాడి, గొట్టం చివర ఒక చిన్న దిమ్మ. గాడి మధ్యలో దిమ్మ నిలబడాలి, రెండిటి పైఅంచులూ ఒకే గీత మీదుండాలి, దిమ్మకు అటూ ఇటూ వెలుతురు సమానంగా కనిపించాలి. సైట్లు ఇలా కుదిరి ఉండగా చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది. గీతను తాకినా పదే కాబట్టి మీకు పది వస్తుంది. ఇప్పుడు చెయ్యి కదలకుండా, మణికట్టు మాత్రం కాస్త వంగి, ముందు దిమ్మ ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయిందనుకోండి. సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లయితే, ఆ ఒక్క మిల్లీమీటరు పది మీటర్ల అవతల మూడు సెంటీమీటర్లవుతుంది. వచ్చేది ఏడు.

అందుకే చూపు ముందు దిమ్మ మీదే నిలవాలి. మన కన్ను దగ్గరున్నదాన్నీ దూరానున్నదాన్నీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అర్జునుడికి పిట్ట తల తప్ప మరేమీ కనిపించలేదని చిన్నప్పుడు విన్నాం. పిస్టల్ పట్టినవాడికి ఆ పాఠం తిరగబడుతుంది. పిట్ట మసకబారాలి, చేతిలోని ఆయుధం స్పష్టంగా కనిపించాలి. టార్గెట్ వైపు లాగే చూపును వెనక్కి తెచ్చుకోవడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక ట్రిగ్గర్. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలన్నది నిబంధన. ఆ బరువును వేలు నిదానంగా, తిన్నగా వెనక్కి పెంచుకుంటూ పోవాలి. దిమ్మ సరిగ్గా మధ్యకు రాగానే “ఇప్పుడే!” అని మనసు అరుస్తుంది, వేలు ఠక్కున గుంజుతుంది, దానితో అరచెయ్యంతా బిగుసుకుంటుంది. కుడిచేతివాటం వాళ్ల పెల్లెట్లు తరచుగా ఎడమ వైపు కిందికి పడుతుంటే ముందుగా ఈ గుంజుడునే అనుమానించాలి.

ఎత్తిన చెయ్యిని పేల్చకుండా దించడం కూడా నైపుణ్యమే. పది సెకన్లు దాటాక చూపు మసకబారుతుంది, భుజం అలుస్తుంది. 75 నిమిషాలకు 60 గుళ్లంటే ఒక్కోదానికి 75 సెకన్లు. దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తడానికి కావలసినంత సమయం ఉంది. అయినా చాలామంది మొండిగా కాల్చేస్తారు. నా దృష్టిలో మంచి షూటర్‌ను పట్టిచ్చేది ఈ నిగ్రహమే.

నిలబడే తీరును పరీక్షించుకోవడం తేలిక. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, కళ్లు తెరవండి. పిస్టల్ పక్కకు చూస్తుంటే చెయ్యిని లాగొద్దు, పాదాలు జరపండి. గుళ్లన్నీ ఒకే చోట గుంపుగా పడుతూ మధ్యకు దూరంగా ఉంటే బెంగ అక్కర్లేదు, సైట్ మర తిప్పితే సరిపోతుంది. చెల్లాచెదురుగా పడితే మాత్రం ఏ మరా కాపాడదు.

ఆ చెదురును పోగొట్టేది డ్రై ఫైరింగ్. అంటే పెల్లెట్ లేకుండా చేసే సాధన. టార్గెట్ కూడా వద్దు, తెల్లగోడ చాలు. చూడటానికి గోడ మీద ఏమీ లేనప్పుడు చూపు దానంతటదే దిమ్మ మీద నిలుస్తుంది. ట్రిగ్గర్ టక్కుమన్న క్షణంలో దిమ్మ అదిరిందో లేదో దాచడానికి వీలుండదు. పేలాక కూడా రెండు సెకన్లు అలాగే నిలబడి దాన్ని గమనించాలి.

ఈ ఆట నేర్చుకుంటున్నవాళ్లను ఒకటే అడుగుతున్నాను. పిస్టల్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, గొట్టం ముందు మనిషి రాడని తేల్చుకుని, రోజూ ఇరవై నిమిషాలు గోడ ముందు నిలబడండి. స్కోరు సంగతి నెల తర్వాత చూసుకోండి.